వెల్డ్ మెరుస్తోంది, కానీ అతికిందా?

ప్రశ్న: దివిటిపల్లి వైపు బ్యాటరీ ఫ్యాక్టరీలు వస్తున్నాయని ఆ పని నేర్చుకుంటున్నాను. సెల్ ట్యాబును (సెల్‌కు ఉండే పలుచని లోహపు రేకు) బస్‌బార్‌కు (సెల్లులను కలిపే లోహపు పట్టీ) లేజర్‌తో వెల్డ్ చేసినప్పుడు పైకి చక్కగా ఉన్నవి కూడా రిజెక్ట్ అవుతాయట. సెన్సర్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?
– డిప్లొమా విద్యార్థి, జడ్చర్ల

జవాబు: పై రేకు, అంటే ట్యాబు, కరిగి నున్నగా గడ్డకడుతుంది, కింది రేకును, అంటే బస్‌బార్‌ను, మాత్రం పట్టుకోదు. దీన్ని ఫాల్స్ వెల్డ్ అంటారు. చాలాసార్లు దీనికి మూలం రెండు రేకుల మధ్య సందే. 0.3 మి.మీ. ట్యాబుకు 0.03 మి.మీ. సందున్నా నెట్టుకొస్తుంది, 0.1 దాటితే నమ్మలేం. కాబట్టి సెన్సర్ కంటే ముందు చూడాల్సింది ట్యాబును అదిమిపెట్టే క్లాంపును.

ఇక సెన్సర్ల సంగతి. లేజర్ హెడ్‌లో సాధారణంగా మూడు ఫోటోడయోడ్లుంటాయి (వెలుగును కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న సెన్సర్లు). ఒకటి వెల్డ్ మీద లేచే ఆవిరి వెలుగును, ఒకటి వెనక్కి తిరిగొచ్చే లేజర్‌ను, ఇంకొకటి వేడిని చూస్తాయి. సెకనుకు వేల సార్లు రీడింగ్ తీసి గీతలా చూపిస్తాయి. సందుంటే వేడి కిందికి దిగక గీత ఆ ఒక్క వెల్డ్‌లోనే ఉన్నట్టుండి మారుతుంది. అలా కాక గీత వెల్డ్ తర్వాత వెల్డ్‌లో మెల్లమెల్లగా జారుతోందంటే హెడ్ కింది రక్షణ అద్దం మీద చిట్లిన లోహపు తుంపరలు పేరుకున్నాయేమో చూడండి. ఈ తేడా పట్టుకోగలిగితే సగం పని వచ్చినట్టే.

అయితే ఆ గీతకు లోతు తెలియదు, వెలుగే తెలుసు. అందుకే గీత ఎంత మారితే రిజెక్ట్ చేయాలో హద్దులు పెట్టే ముందు కావాలనే చెడ్డ వెల్డులు చేయాలి. ఫీలర్ గేజ్ రేకులతో (మందం ముందే తెలిసిన పలుచని రేకులు) 0.05, 0.1, 0.2 మి.మీ. సందు పెట్టి కొన్ని, పవర్ పది శాతం తగ్గించి కొన్ని, ఫోకస్ అర మిల్లీమీటరు జరిపి కొన్ని, ట్యాబుకు నూనె రాసి కొన్ని. ప్రతిదాని గీతనూ దాచుకుని, కొన్నింటిని పీకి, కొన్నింటిని అడ్డంగా కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద చూడాలి. పీకినప్పుడు వెల్డ్ దగ్గర రేకు చిరిగితే మంచి వెల్డ్, చిరగకుండా శుభ్రంగా ఊడొస్తే ఫాల్స్. ఈ పని ఎగ్గొట్టి, యంత్రంతో వచ్చిన హద్దులతోనే లైన్ నడిపితే మంచివి కూడా రిజెక్ట్ కావచ్చు. విసుగొచ్చిన ఆపరేటర్ అలారం నొక్కేసి ముందుకు పోతాడు, తప్పు అతనిది కాదు.

లోతే కావాలంటే ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) ఉంది. లేజర్ తాకినచోట కరిగిన లోహంలో పడే సన్నని గుంట అడుగు దాకా ఇంకో కాంతిని పంపి కొలుస్తుంది. ఖరీదెక్కువ. కానీ పలుచని డబ్బా ఉన్న గుండ్రటి సెల్‌లో బొక్క పడితే లోపలి ద్రవం, ఎలక్ట్రొలైటే కారుతుంది, అక్కడ ఆ ఖర్చు దండగ కాదు.

ప్రశ్న: రాగిని వెల్డ్ చేయడానికి పచ్చ లేజర్ ఎందుకు?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మామూలు ఫైబర్ లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 1,070 నానోమీటర్లు. చల్లని రాగి దాన్ని దాదాపు 95 శాతం తిప్పికొడుతుంది. 515 నానోమీటర్ల పచ్చ కాంతిని చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది, అందువల్ల తుంపరలు తగ్గుతాయి.

ప్రశ్న: ఈ-ఆటో బ్యాటరీలో ఒక జాయింటు దగ్గర కాలుతోంది. షాపులో పరీక్షించొచ్చా?
– మెకానిక్, నల్గొండ

జవాబు: మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూస్తే లాభం లేదు, దాని వైర్ల నిరోధమే జాయింటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మిల్లీవోల్టుల్లో పెట్టండి. లోడ్ మీద 40 ఆంపియర్లు పారుతుండగా ట్యాబుకూ బస్‌బార్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. 0.1 మిల్లీఓమ్ జాయింటులో 4 మిల్లీవోల్టులు, 0.5 మిల్లీఓమ్ అయితే 20 వస్తాయి. అంటే ఆ ఒక్కచోటే 0.8 వాట్ల వేడి. పక్క జాయింట్లతో పోల్చితే తేలిపోతుంది. ఉంగరం, కడియం తీసి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని ముట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో ట్యాబును లేపి చూడొద్దు, సెల్ మీద నేరుగా సోల్డర్ పెట్టొద్దు.