చారిత్రకమా, చరిత్రాత్మకమా?

సందేహం: ఇంగ్లీషులో హిస్టారిక్, హిస్టారికల్ అని రెండు విశేషణాలున్నాయి. అనువాదం చేసేటప్పుడు రెండింటికీ 'చారిత్రాత్మక' అని రాసేస్తున్నాం. సరైనదేనా?

సమాధానం: కాదండీ. ముందు ఇంగ్లీషు సంగతి ముగిద్దాం. గతానికి సంబంధించినది ఏదైనా హిస్టారికల్. చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది హిస్టారిక్. పాత శాసనం ప్రతిదీ హిస్టారికల్ ఆధారమే. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కడప జిల్లా కలమళ్ళ శాసనం హిస్టారిక్ కూడా. క్రియావిశేషణానికి వచ్చేసరికి రెండింటికీ హిస్టారికల్లీ ఒక్కటే దిక్కు.

ఇక 'చరిత్ర' మాటకొద్దాం. సంస్కృతంలో 'చర్' అంటే నడవడం. వ్యాకరణకర్త పాణిని ఈ ధాతువుకూ, మరికొన్నిటికీ కలిపి ఒకే సూత్రంలో (3.2.184) 'ఇత్ర' ప్రత్యయం చెప్పాడు. తవ్వేది ఖనిత్రం, గునపం. కోసేది లవిత్రం, కొడవలి. పడవను కదిలించేది అరిత్రం, తెడ్డు. ఆ వరుసలో నడవడానికి పనికొచ్చేది చరిత్రం, అంటే కాలు! ఇది నా ఊహ కాదు. ఋగ్వేదంలో (1.116.15) విశ్పల అనే ఆవిడ కాలు పక్షి రెక్కలా తెగిపోయిందని చెప్పేచోట ఉన్న మాట 'చరిత్రం' అనే. అశ్వినీదేవతలు ఆమెకు లోహపు కాలు అమర్చారు. కాలి నుంచి నడక, నడక నుంచి నడవడి, ఆపైన జరిగిన కథ. మన 'నడత' కూడా ఆ బాటన వచ్చిందే కదా! గ్రీకు 'హిస్టోరియా'ది వేరే దారి, విచారించి తెలుసుకోవడం. అది మన 'విద్' ధాతువుకు చుట్టం.

'ఇక' చేరితే ఆదివృద్ధి వచ్చి, అంటే మొదటి 'చ' కాస్తా 'చా' అయి, చారిత్రిక అవుతుంది. 'ఆత్మక'తో సమాసమైతే వృద్ధితో పనిలేదు, చరిత్రాత్మక. ప్రాయోగిక అంటాం, ప్రయోగాత్మక అంటాం. 'ప్రాయోగాత్మక' అంటే చెవి ఒప్పుకుంటుందా? మరి 'చారిత్రాత్మక'ను ఎలా ఒప్పుకుంటున్నాం? సభ జరిగినా, వంతెనకు కొబ్బరికాయ కొట్టినా పత్రికల్లో అదే మాట. రాసేవాళ్ళు ఒక్క క్షణం ఆగకూడదా?

నేనైతే హిస్టారికల్‌కు చారిత్రక, హిస్టారిక్‌కు చరిత్రాత్మక అని రాస్తాను: చారిత్రక నవల, చరిత్రాత్మక తీర్పు. 'చారిత్రిక'లో రెండో ఇకారం జారి 'చారిత్రక' అయిందంటే తప్పుపట్టను, అది వాడుకలో కుదురుకుంది. కోటల దగ్గరే ఖండితంగా చెప్పలేను. గోల్కొండను ఇంగ్లీషులో హిస్టారిక్ అంటారు. మన నోటికి వచ్చేది చారిత్రక కట్టడమే. దాన్ని మార్చమని మాత్రం అనను.