బోన్‌లో మొదటి రోజు మొహమాటం వద్దు

చిరంజీవి అమ్మలుకు, అత్త ఆశీస్సులు.

సెప్టెంబరులో మీరిద్దరూ ఫ్రాన్సులోని బర్గండీ ద్రాక్షతోటల్లో ఆరు రోజులు గైడుతో కలిసి సైకిలు తొక్కబోతున్నారని మీ నాన్న చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఆ దారిలో నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మూడో రోజుకే మోకాలు వాచిపోయింది. సామాను మోసే వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, మిగతావాళ్లు తొక్కుకుంటూ వెళ్తుంటే అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. సీటు కిందికి ఉందని మొదటి రోజు పొద్దునే నాకు తెలుసు. కానీ అందరూ బయలుదేరడానికి సిద్ధంగా నిలబడ్డారు, నా ఒక్కదాని కోసం ఆపడమెందుకని ఊరుకున్నాను. ఈ ఉత్తరమంతా ఆ ఊరుకోవడం గురించే.

సైకిలు చేతికివ్వగానే సీటు ఎక్కి గోడ పట్టుకో. మడమను పెడలు మీద ఆనించి కిందికి తొక్కు. పెడలు అట్టడుగుకు వచ్చేసరికి కాలు నిటారుగా చాచుకోవాలి. ఇప్పుడు పాదం ముందు భాగంతో తొక్కి చూడు, మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అదే నీ ఎత్తు. కుదరకపోతే రెండు కాదు, నాలుగుసార్లు మార్చమని అడుగు. గైడుకు అది రోజూ చేసే పని, విసుక్కోడు. అడగనిదే అమ్మయినా పెట్టదు. కుదిరాక సీటు కింది గొట్టానికి రంగు టేపు ముక్క ఒకటి చుట్టు. రాత్రి వ్యానులో ఎక్కించేటప్పుడు ఎవరైనా దించినా, మర్నాడు అదే గుర్తుకు బిగించుకోవచ్చు.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది కదా. ఫ్రాన్సులో మామూలుగా తిరగేసి ఉంటుంది, ఎడమచేతి బ్రేకు ముందు చక్రాన్ని ఆపుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు. కంకర పరిచిన ఆవరణలోనే వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా పట్టేశాను. ముందు చక్రం ఠక్కున ఆగింది, నేను హ్యాండిలు మీదుగా ముందుకు వెళ్లి అరచేతుల మీద పడ్డాను. అదృష్టం బాగుండి అది రోడ్డు మీద జరగలేదు. కాబట్టి గేటు దాటకముందే ఒక్కో బ్రేకూ విడివిడిగా నొక్కి, ఏది ఏ చక్రానిదో చూసుకో. అల్లుడుగారికి కూడా చెప్పు, ఆయన పుణెలో రోజూ తొక్కుతారు కాబట్టి చేతి అలవాటు ఇంకా గట్టిగా ఉంటుంది.

రోడ్డుకు కుడివైపునే వెళ్లాలి. ఊళ్ల లోపల బోర్డు ఏదీ లేని కూడలి వస్తే కుడిపక్క నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఎదురుగా ట్రాక్టరు వస్తే దిగి గోడవారగా నిలబడు, కోతల కాలంలో ఆ దారులు రైతులవి.

మొదటి రోజు సాధారణంగా బోన్ పట్టణం నుంచి దక్షిణంగా తీసుకెళ్తారు. పొమ్మార్, వొల్నే, మ్యూర్సో, పులిన్యీ మీదుగా సాంట్నే దాకా తోటల మధ్య సైకిళ్ల దారి ఉంది, 22 కిలోమీటర్ల వరకూ ఉంటుంది. వినడానికి చిన్నదే. బోన్ దాటిన కాసేపటికే మిట్టపల్లాలు మొదలవుతాయి. మిట్ట కనబడగానే, కాళ్లు బరువెక్కకముందే గేరు తగ్గించు. కాళ్లు పట్టేశాక గేరు మారిస్తే గొలుసు మొరాయిస్తుంది. ముందు పోయేవాళ్లను అందుకోవాలని తొక్కకు. గుంపు కూడలి దగ్గర ఎలాగూ ఆగుతుంది. బ్యాటరీ సైకిలు ఇస్తామంటే తీసుకో, అందులో చిన్నతనమేమీ లేదు. రెండోసారి నేను అదే తీసుకుని ఆరు రోజులూ తొక్కాను.

తొందరపడొద్దని ఇంతగా చెప్పడానికి మరో కారణం ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహి పందిళ్లు చూసిన కళ్లకు అక్కడి ద్రాక్ష మొదట ఆశ్చర్యంగా ఉంటుంది. పందిరి లేదు, నీడ లేదు. తీగ నడుము ఎత్తుకు మించదు. సాలుకూ సాలుకూ మధ్య మీటరే, హెక్టారుకు దాదాపు 10,000 మొక్కలు. అంత ఇరుకులో మామూలు ట్రాక్టరు పట్టదు కాబట్టి, సాలుకు అటొక కాలూ ఇటొక కాలూ వేసి నడిచే పొడుగుకాళ్ల ట్రాక్టర్లు వాడతారు. మ్యూర్సో దాటాక ఒకచోట ఆగి తలెత్తి చూడు. కొండ కింది చదునులో పండేది ఊరి పేరు మీద అమ్మే మామూలు వైను. వాలు నడుమ, ఎండ బాగా పడి నీరు నిలవని చోట పండేది మహా ఖరీదైనది. మధ్యలో ఉన్నది ఒక్క రాతిగోడ. ఇటు ఒక పేరు, అటు ఇంకొక పేరు. అలాంటి ఒక్కో మడినీ వాళ్లు క్లిమా అంటారు. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కినవి ఆ మడులే. పులిన్యీ, షసాన్యీ ఊళ్ల మధ్య ఉన్న మోంరాషే అనే తోట మొత్తం సుమారు 8 హెక్టార్లు, అంటే 20 ఎకరాలు. మన ఊళ్లో ఒక మోస్తరు రైతు కమతం. ప్రపంచంలో అంత పేరున్న తెల్ల వైను మరొకటి ఉండటం అరుదు. ఆ గోడ మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు నిలబడు. గుత్తిని మాత్రం తెంపకు, ఒక్క పండైనా సరే. అది ఒకరి కష్టం.

వైను పుచ్చుకుంటావా లేదా అన్నది నీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ రుచి చూపించే చోట ఉమ్మడానికి పాత్ర పెడతారు. మన తాతల ఇళ్లలో తాంబూలానికి తమ్మపడిగ ఉండేది చూడు, అలాంటిదే. ఇచ్చినవారి ముందు ఉమ్మడం అమర్యాద అనుకుని నేను మొదటిరోజు ప్రతి గ్లాసూ మింగాను. మధ్యాహ్నం ఎండలో కళ్లు తిరిగాయి. అక్కడ ఉమ్మడమే పద్ధతి, తయారుచేసేవాళ్లే ఉమ్ముతారు. పైగా లీటరు రక్తంలో 0.5 గ్రాముల మద్యం అన్న పరిమితి సైకిలు తొక్కేవారికీ వర్తిస్తుంది. నేలమాళిగలోకి దిగేటప్పుడు పల్చటి స్వెట్టరు వేసుకో, చెమట మీద ఆ చలి పడదు.

తిండి గురించి ముందురోజే గైడుకు విడమరిచి చెప్పు. శాకాహారం అంటే చాలదు, చేప తింటారేమో అనుకుంటారు. మాంసం, చేప, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దను. వైనుతో పాటు గుజేర్ అని చీజుతో చేసిన చిన్న పొంగిన బూరెల్లాంటివి ఇస్తారు, వాటిలో గుడ్డు ఉంటుంది. సలాడ్లలో పంది మాంసం ముక్కలు కలుపుతారు. హోటళ్లలో భోజనం 12 నుంచి 2 లోపలే, తర్వాత వంటగది మూసేస్తారు. సంచిలో వేరుశెనగ ఉండలు, మీ అమ్మ చేసే జంతికలు ఉంచుకో. ఏ దుకాణంలోకి అడుగుపెట్టినా ముందు బోంజూర్, అంటే నమస్కారం, అనాలి. అది అనకుండా అడిగితే మొహం ముడుచుకుంటారు.

ఇంకొకటి, ఆడపిల్లవు కాబట్టి చెబుతున్నాను. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. కుట్టు ఒరుసుకుంటే రెండో రోజుకు కూర్చోలేవు. తొడల దగ్గర వాజెలిన్ రాసుకో. ఎక్కడైనా మంట మొదలైతే దాచుకోకుండా వ్యానులో ఎక్కు, ఒక పూట పోతే పోయింది.

సాయంత్రం బోన్‌కే తిరిగి చేరితే స్నానం చేసి పడుకోకు. రంగు పెంకుల కప్పున్న పాత ఆసుపత్రి దాకా మెల్లగా నడువు. నికొలా రోలాన్ అనే మంత్రి, ఆయన భార్య కలిసి 1443లో పేదల కోసం స్థాపించారు. ఆవరణలో నిలబడితే సాయంత్రపు ఎండకు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పెంకులు వెలిగిపోతుంటాయి. ఆ నడకతో కాళ్లు కూడా సడలుతాయి.

గది చేరాక ఫోను చెయ్యి. అక్కడ రాత్రి 9 అయితే ఇక్కడ 12:30 అవుతుంది. మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అత్త