కారు ఆపగానే స్టీరియో సెట్టింగులు పోతుంటే
కారు ఆపి తాళంచెవి బయటకు తీసిన ప్రతిసారీ గడియారం, రేడియో స్టేషన్లు చెరిగిపోతున్నాయన్నారు కదండీ, అప్పుడే కొత్త సెట్ కొనకండి. చాలావరకు ఇది పసుపు, ఎరుపు వైర్లు తారుమారైన వ్యవహారమే. సెట్ పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, మెమరీ నిలిచేది దానిమీదే. ఎరుపుకు తాళం తిప్పితేనే రావాలి.

మల్టీమీటరు డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబు బాడీ మీద పెయింట్ లేని బోల్టుకు ఆనించండి. కారు వైపు వైర్లను తాళంచెవి తీసి ఒకసారి, ఏసీసీలో (ఇంజిను స్టార్ట్ కాకుండా రేడియో పనిచేసేలా తాళం తిప్పే స్థానం) ఒకసారి కొలవండి. రెండుసార్లూ 12 వచ్చిన వైరు సెట్ పసుపుకు, ఏసీసీలో మాత్రమే వచ్చినది ఎరుపుకు వెళ్లాలి. అక్కడి రంగులను మాత్రం నమ్మొద్దు, కారును బట్టి మారతాయి. బ్యాటరీ నెగటివ్ తీసేశాకే వైర్లు మార్చండి. రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇస్తే మెమరీ ఉంటుంది గానీ సెట్ తనంతట ఆగదు, బ్యాటరీ దిగిపోతుంది.

తాళం తీసినప్పుడు ఏ వైరులోనూ 12 రాకపోతే ఫ్యూజ్ చూడండి. పోయుంటే అదే ఆంపియర్లది వేయండి, పెద్దది వేస్తే ముందు వైరే కాలుతుంది.