పాత చెడ్డార్ జిడ్డోడుతోంది, యాపిల్ పిండిపిండిగా ఉంది: తప్పెక్కడ?

విజయనగరం నుంచి వచ్చిన ప్రశ్న ఇది: అమెరికా నుంచి చుట్టాలు రెండేళ్ళు మాగిన చెడ్డార్ అనే గట్టి చీజ్ తెచ్చి, యాపిల్ ముక్కతో కలిపి తినమన్నారు. ఇక్కడ తింటే చీజ్ జిడ్డోడింది, యాపిల్ నోట్లో రవ్వలా విడిపోయింది. చీజ్‌లో తెల్లటి గట్టి పలుకులు కూడా ఉన్నాయి, పారేయాలా?

పారేయకండి. ఆ పలుకులు బూజు కాదు. చీజ్ నెలల తరబడి మాగుతుంటే పాల ప్రొటీను చిన్న చిన్న ముక్కలవుతుంది. అందులోంచి వచ్చే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం అక్కడక్కడా గడ్డకట్టి పలుకవుతుంది. చెడ్డార్ పైన తెల్లటి పొరలా కనిపించేదైతే చాలావరకు కాల్షియం లాక్టేట్ అనే లవణం. గోటితో గీకితే ఇసుకలా గరగరమంటుంది. బూజైతే మెత్తగా, నూగుగా చెదిరిపోతుంది. నన్నడిగితే పాత చీజ్ కొనేదే పంటికింద ఆ పలుకు కోసం. ప్రాసెస్డ్ చీజ్ క్యూబుల్లో అది దొరకదు. చీజ్‌ని ఒకసారి వేడిచేసి, కొవ్వూ నీళ్ళూ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫైయర్ లవణాలతో కరిగించి పోత పోసినది ఎన్నాళ్ళుంచినా మాగదు.

జిడ్డుకి కారణం మన ఎండ. చీజ్‌ని తినడానికి గంట ముందు ఫ్రిజ్ లోంచి తీసి ఉంచమనే సలహా 20 డిగ్రీల ఇళ్ళకు చెప్పింది. పాలకొవ్వు 30 డిగ్రీలు దాటేసరికి చాలావరకు కరుగుతుంది, 35 దగ్గర దాదాపు అంతా ద్రవమే. మే నెలలో మన వంటింట్లో గంట ఉంచితే చీజ్‌కి చెమట పట్టక మానదు. పైకి వచ్చిన ఆ కొవ్వు మళ్ళీ లోపలికి పోదు, మిగిలిన ముక్క ఎండి పొడిపొడిగా రాలుతుంది. ఎండాకాలం 10 నిమిషాలు చాలు, డిసెంబరు, జనవరిల్లో 30 నుంచి 40. గడ్డ మొత్తం బయట పెట్టొద్దు. కావలసినంత కోసుకుని మిగతాది వెంటనే లోపల పెట్టేయండి. చల్లటి గడ్డ మన ఉక్కలో బయట ఉంటే పైన నీటిబొట్లు పేరుకుంటాయి, బూజు మొదలయ్యేది ఆ తడిలోనే.

ఇక యాపిల్. పిండిపిండిగా అనిపించే కాయలో రసం లేక కాదు. బాగా ముగ్గిన కాయలో కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ సడలిపోతుంది. కొరికినప్పుడు కణాలు పగలకుండా ఒకదాన్నుంచి ఒకటి ఊడొస్తాయి, రసం వాటిలోనే ఉండిపోతుంది. తోపుడు బండి మీద ఎండలో రెండు మూడు రోజులు కూర్చున్న కాయకు సరిగ్గా ఇదే జరుగుతుంది. కాశ్మీర్ కొత్త కాయ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కోతకొస్తుంది, అంటే దసరా వెళ్ళాక మీ ఊళ్ళో జరిగే సిరిమాను పండగ రోజుల్లో కొనడం మేలు. ఏప్రిల్, మేలలో దొరికే దేశవాళీ కాయ కోల్డ్ స్టోరేజీలో నెలలున్నది. ఆ రోజుల్లో న్యూజిలాండ్ నుంచి వచ్చే గాలా రకం వెతకండి, అక్కడ కోత ఫిబ్రవరి, మార్చిల్లో. ఏ దేశానిదో స్టిక్కర్ మీద చూసుకోండి.

ఎరుపు చూసి మోసపోకండి, అది రకాన్ని బట్టి వచ్చే రంగు. తొడిమ గుంటలో ఎరుపు లేని చోట చూడండి: లేత ఆకుపచ్చ కలిసిన పసుపు ఉంటే మంచిది, ముదురు పసుపైతే ముగ్గిపోయింది. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని బరువైనది తీసుకోండి. వేలితో మీటితే టక్కుమనాలి, మొద్దుగా మోగితే పక్కన పెట్టేయండి. తొక్క చేతికి జిడ్డుగా తగిలినా వదిలేయండి, ముగ్గే కొద్దీ కొన్ని రకాలు అలా సొంత మైనం వదులుతాయి. ఇంటికి తెచ్చాక సంచిలో కట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఆకుకూరలకు దూరంగా. యాపిల్ వదిలే ఇథిలిన్ వాయువుకి తోటకూర పసుపెక్కిపోతుంది.

పాత చెడ్డార్‌కి ఉప్పు, కొవ్వు ఎక్కువ. దాన్ని విరిచేది యాపిల్‌కి పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం. అందుకే పులుపు తక్కువున్న రాయల్ డెలిషియస్ రకం ఇక్కడ చప్పగా తేలిపోతుంది. పింక్ లేడీ దొరికితే అదే, లేదా గ్రానీ స్మిత్. గాలా, ఫ్యూజీ అయితే ముక్కల మీద నాలుగు నిమ్మ చుక్కలు పిండండి. నలుగురికి రెండు కాయలు, 80 గ్రాముల చీజ్ సరిపోతాయి. యాపిల్ ముక్క చిటికెన వేలి మందం, చీజ్ అందులో సగం. బీపీ ఉన్నవాళ్ళు చూసుకోండి, 30 గ్రాముల చెడ్డార్‌లో దాదాపు అర గ్రాము ఉప్పు ఉంటుంది. ముందే కోసి ఉంచాలంటే పావు లీటరు నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి 10 నిమిషాలు నానబెట్టి, కడిగి తుడవండి. నల్లబడవు.

స్పెయిన్‌లో మాంచెగో చీజ్‌తో క్విన్స్ పండు గుజ్జు ఉడికించి చేసిన గట్టి హల్వా లాంటిది తింటారు. మనకు భీమాళి మామిడి తాండ్ర ఉండగా అదెందుకు? పులుపు తగిలే తాండ్రని అగ్గిపుల్లంత సన్నగా కోసి చీజ్ మీద ఒక్క పుల్ల పెట్టండి. పక్కన వేయించిన పలాస జీడిపప్పు, ఉప్పు వేయనిది.

చీజ్‌ని ప్లాస్టిక్ కవర్లో బిగించి చుట్టొద్దు. బటర్ పేపర్లో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో, కూరగాయల అరలో ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే పొడి రాలుతుంది. బూజు పడితే దాని చుట్టూ, కిందా అంగుళం మేర కోసి తీసేయండి, చాకు బూజుకి తగలకూడదు. గట్టి చీజ్‌కే ఇది, మెత్తటి రకమైతే మొత్తం పారేయడమే. గాలివానకి కొన్ని గంటలు కరెంటు పోయినా గట్టి చెడ్డార్ పాడవదు, జిడ్డోడుతుంది అంతే. మీ దగ్గర ఇప్పటికే జిడ్డోడిన ముక్కని కాయితంతో అద్ది, తురిమి, అట్టు పెనం మీద ఉండగానే చల్లి మూత పెట్టండి.