పాత ఛాసిస్‌ను అప్పుడే అమ్మకండి

ప్రశ్న: సార్, మా తాతగారు 1951 మోడల్ షెవర్లే పికప్‌లో మా ఊరి మిర్చి బస్తాలు వరంగల్ మార్కెట్‌కు తోలేవారట. ముప్పై ఏళ్లుగా బండి కొట్టంలోనే ఉంది. క్యాబిన్ గట్టిగానే ఉంది కానీ ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) వెనక భాగం తుప్పు పట్టి పొరలుగా ఊడుతోంది. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. 100×50 మిల్లీమీటర్ల బాక్సు పైపు, 4 మిల్లీమీటర్ల మందంతో కొత్త ఛాసిస్ బొమ్మ కంప్యూటర్‌లో గీశాను. వెల్డింగ్ యంత్రం కొన్నాను. వాకిట్లోనే పని చేసి దసరాకు బండి పూజ చేయాలని ఉంది. పాత ఛాసిస్‌ను తుక్కు వ్యాపారి అడుగుతున్నాడు. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు ఆ వ్యాపారిని వెనక్కి పంపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మీ బొమ్మ బాగానే ఉండవచ్చు. కానీ అందులోని కొలతలు ఎక్కడివి? ఆ బండి అర టన్ను మోడల్ అయితే ముందు యాక్సిల్ నుంచి వెనక యాక్సిల్ దాకా 116 అంగుళాలని పుస్తకంలో దొరుకుతుంది. క్యాబిన్ బోల్టు రంధ్రాలు ఎక్కడ, స్టీరింగ్ పెట్టె ఏ కోణంలో కూర్చుంది, వెనక యాక్సిల్ మీద చానల్ (ఛాసిస్ పొడవాటి కమ్మీ) ఎంత పైకి వంగింది, ఇవి మాత్రం ఆ తుప్పు ముక్క మీదే రాసి ఉన్నాయి. మీ దగ్గరున్న అసలు నక్షా అదొక్కటే. దాన్ని కిలోల లెక్కన అమ్ముకుంటారా?

బండిని విప్పేటప్పుడు ప్రతి ముక్కకూ నంబరు వేయండి, ఫొటో తీయండి. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని అలాగే రాళ్లకు నంబర్లు వేసి విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి ఏళ్లు గడిచి 2024 మార్చి వచ్చింది. మీ దసరా ఏ సంవత్సరానిదో నాకు తెలియదు కానీ, ఈ ఏటిది మాత్రం కాదు.

ఛాసిస్‌ను పూర్తిగా గీకాక చిన్న సుత్తితో మూర మూరకూ కొట్టి వినండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మట్టికుండలా మోగుతుంది. ఈ బండ్లలో బురద నిలిచేది క్యాబిన్ వెనక, కమాన్ కట్టల (పట్టీ స్ప్రింగుల) బ్రాకెట్ల దగ్గర. జబ్బు అక్కడికే పరిమితమైతే వెనక మూడు నాలుగు అడుగులు కొత్త చానల్ అతికితే సరిపోతుంది, కొత్త ఛాసిస్ అక్కరలేదు. అతుకు నిట్టనిలువుగా కోయకండి, ఏటవాలుగా కోయండి. పైన కప్పే పట్టీని గుండ్రని మూలలతో వేయండి. ఆ పట్టీ వెల్డింగ్ గీత చానల్ పై అంచు, కింది అంచు మీద అడ్డంగా పడకూడదు. బరువు లాగేది ఆ అంచులనే, బీట మొదలయ్యేదీ అక్కడే. రంధ్రాలు కూడా నిలువు గోడ మధ్యలోనే వేయాలి.

అంతా పోయిందంటే కొత్తది కట్టండి. కానీ మీ బాక్సు పైపు గురించి ఒక మాట. పాత ఛాసిస్ ప్రెస్ చేసిన ‘సి’ చానల్, అడ్డ చానళ్లు రివెట్లతో బిగించినవి. గతుకుల్లో అది కాస్త మెలి తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. బాక్సు పైపు మెలి తిరగదు, ఆ బాధంతా అతుకుల దగ్గరా క్యాబిన్ మౌంటింగుల (క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే చోట్ల) దగ్గరా దిగుతుంది. క్యాబిన్ కింద మంచి రబ్బర్లు వేయకపోతే తలుపులు ఒకరోజు పడతాయి, ఒకరోజు పడవు. పైగా మూసిన పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. అడుగున నీరు కారే రంధ్రాలు వదిలి, లోపల కూడా తుప్పు మందు పోయండి. బరువు మీటరుకు సుమారు 9 కిలోలు, అది ఇబ్బంది కాదు.

ఇక వాకిలి. మన ఇళ్లలో వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ వాకిలికి వాటం ఇస్తాడు. కంటికి సమంగా కనిపించే ఆ నేల మీద ఛాసిస్ పరిస్తే, పని అయ్యేసరికి మేస్త్రీ వాటం మీ బండికి వస్తుంది. నీళ్లు నింపిన సన్నని గొట్టంతో మట్టం చూసి, నాలుగు గట్టి స్టాండ్లు నిలిపి, వాటి మీద కట్టండి. నడుమ దారం లాగి, ప్రతి అడ్డ చానల్‌నూ దారం నుంచి ఇటూ అటూ కొలవండి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ 3 మిల్లీమీటర్ల తేడాలోపు ఉండాలి.

ఇది నాకు తెలిసింది పుస్తకంలో చదివి కాదు. 1987లో ములుగు రోడ్డు షెడ్డులో ఒక జీపుకు ఛాసిస్ కట్టాను. కర్ణాలు కొలిచాను, సరిగ్గా వచ్చాయి. ఆ ఉత్సాహంలో ఎడమ పక్క అతుకులన్నీ ఒక్క ఊపులో పూర్తి చేసి టీ తాగడానికి వెళ్లాను. వెల్డింగ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. తిరిగొచ్చేసరికి ఛాసిస్ వేలెడంత ఎడమకు లాగేసింది. అయినా ఒప్పుకోక బండి ఎక్కించాను. అది ఎండ్రకాయలా పక్కకు నడిచేది, వెనక నుంచి చూసినవాళ్లు నవ్వేవారు. చివరికి అతుకులన్నీ గ్రైండర్‌తో కోసి మళ్లీ కట్టాను, కూలి నా జేబు నుంచే.

అందుకని ముందు అంతా టాకాలే (చిన్న చుక్క అతుకులే) వేయండి. ఆ టాకాల మీదే ఇంజిన్, గేర్‌బాక్సు, యాక్సిళ్లు కూర్చోబెట్టి చూసి, దించి, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయండి. ఎడమ ముందు ఒక బెత్తెడు, కుడి వెనక ఒక బెత్తెడు, ప్రతిసారీ కర్ణం. 7018 రకం వెల్డింగ్ రాడ్డు మంచిదే కానీ వానాకాలంలో తేమ పీల్చిందంటే అతుకులో బీట తెస్తుంది. ఆరబెట్టే ఓవెన్ లేకపోతే, పెట్టె విప్పిన కొన్ని గంటల్లోనే వాడేయండి. చేయి ఇంకా కుదరలేదంటే ఒక పని చేయండి: టాకాల వరకు మీరు వేసి, పూర్తి అతుకులు అనుభవమున్న వెల్డర్‌తో వేయించండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మీది అర టన్ను మోడల్ అయితే ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు దానిలో ఒక గొట్టం లోపల తిరుగుతుంది. చక్రాలు బండిని నెట్టే బలం ఆ గొట్టం మీదుగా గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి మౌంటింగులకు చేరుతుంది. గేర్‌బాక్సు చోటు కాస్త జరిగినా షాఫ్టు ముందు కొసనున్న కీలు పట్టేస్తుంది. వేరే బండి యాక్సిల్, బయటి షాఫ్టు వేస్తారా, అప్పుడు ఆ నెట్టుడంతా కమాన్ కట్టల ముందు బ్రాకెట్ల మీద పడుతుంది. వాటిని దానికి తగినట్టు కొత్తగా కట్టాలి. మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, అందుకే చెబుతున్నాను.

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. మరోవైపు, 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన సొంత బండికి పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, మొదటిసారి రుసుము 20,000 రూపాయలు. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు చేసి ఉండకూడదు. మీ బాక్సు పైపు ఛాసిస్‌తో ఆ దారి మూసుకుపోతుంది. ఇనుము కొనకముందే కాగితాలతో రవాణా కార్యాలయానికి వెళ్లి రండి. నేనైతే పాత ఛాసిస్‌నే బాగు చేస్తాను.

ప్రశ్న: పాత పికప్ వెనక తొట్టికి చెక్క పలకలు వేయాలి. ఏ చెక్క మంచిది?
— ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: టేకు, అమ్మా. కొత్తది ధర మండిపోతోంది కాబట్టి కూల్చిన పాత ఇళ్ల దూలాలు వెతకండి, అవి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి, వంకర తిరగవు. నల్లమద్ది కూడా గట్టిదే, కానీ బరువు. పలకకూ పలకకూ మధ్య సందు వదిలి, పైన ఇనుప పట్టీతో బిగించండి. బిగించకముందే నాలుగు వైపులా నూనె పట్టించండి. దూలాన్ని కోత మిల్లుకు పంపేముందు మేకులన్నీ లాగేయండి. నేను వదిలేసిన ఒక్క మేకుకు రంపం పళ్లు ఊడిపోయి, ఆ మిల్లు యజమాని ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.