‘ఎనీ’ని ఒక కంపైలర్ కాదంది, మరొకటి ఔనంది

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు లాట్లను సరిచూసే ప్రాజెక్టు కోసం గో ప్రోగ్రామింగ్ భాషలో, కీకి ‘కంపేరబుల్’ (విలువలు పోల్చదగినవై ఉండాలి) అనే నిబంధన పెట్టి ఒక జెనరిక్ (వేర్వేరు రకాల డేటాకు పనిచేసే) సెట్ రాశాను. దానికి ‘ఎనీ’ (ఏ విలువనైనా పట్టే రకం) ఇస్తే కళాశాల ల్యాబులోని 1.19 కంపైలర్ ఒప్పుకోలేదు. ఇంట్లోని 1.21 ఒప్పుకుంది కానీ, టిక్కీల బరువులున్న స్లైస్‌ను (విలువల వరుసను) సెట్‌లో వేయగానే ప్రోగ్రాం పానిక్ అయి ఆగిపోయింది. తప్పు ఏ కంపైలర్‌ది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: రెండింటిదీ కాదు, ఆ రెండు వెర్షన్ల మధ్యలో భాషా నియమమే మారింది. ‘ఎనీ’ ఒక ఇంటర్‌ఫేస్, అంటే వేర్వేరు రకాల విలువలను పట్టగల రకం. ఇంటర్‌ఫేస్ విలువలో అసలు విలువతోపాటు దాని రకం కూడా దాగి ఉంటుంది. అందువల్ల రెండు ‘ఎనీ’ విలువలను పోల్చడాన్ని కంపైలర్ మొదటినుంచీ అనుమతిస్తూనే ఉంది. నిజమైన పోలిక మాత్రం ప్రోగ్రాం నడిచేటప్పుడు, ముందు రకాలు ఒకటేనా అని చూసి, ఆ తరువాత విలువలను చూసి జరుగుతుంది. ఆ ఉమ్మడి రకం స్లైసో, మ్యాపో (కీ–విలువ జతల పట్టిక), ఫంక్షనో అయితే వాటికి పోలిక లేదు కనుక పానిక్ తప్పదు. మ్యాప్ కీ విషయంలోనూ అంతే.

2022 మార్చిలో గో 1.18తో జెనరిక్స్ వచ్చినప్పుడు ప్రతి ఇంటర్‌ఫేస్‌నూ కొన్ని రకాల సమితిగా నిర్వచించారు. ‘ఎనీ’ సమితిలో స్లైసులూ ఉన్నాయి కనుక అది ‘కంపేరబుల్’కు చెల్లదన్నారు. తర్కం గట్టిదే కానీ, మామూలు మ్యాపులో ‘ఎనీ’ని కీగా ఏనాటినుంచో వాడుతున్నవారికి అదే పనిని జెనరిక్‌గా రాసే దారి మూసుకుపోయింది. ఆ ఇబ్బంది తీర్చేందుకు 2023 ఫిబ్రవరిలో వచ్చిన 1.20 ఒక మినహాయింపు ఇచ్చింది: ఇంటర్‌ఫేస్‌తో సహా, పోల్చదగిన ఏ రకాన్నైనా అక్కడ ఇవ్వవచ్చు. పోలికలో ఎన్నడూ పానిక్ రాని రకాలకు మాత్రం ‘స్ట్రిక్ట్‌లీ కంపేరబుల్’ అని వేరే పేరు పెట్టింది. ఈ సడలింపు అవసరమైనదేనని నేను నమ్ముతాను. అయితే కంపైలర్ పట్టుకునే పొరపాటు ఒకటి దీనివల్ల నడిచే ప్రోగ్రాంలోకి జారింది. మీకు ఎదురైనది అదే.

మీ లెక్కకు ‘ఎనీ’ అక్కరలేదు. లాట్ నంబరూ తేదీ స్ట్రింగులుగా ఉన్న స్ట్రక్ట్‌ను (కొన్ని ఫీల్డులను కలిపిన రకాన్ని) కీగా పెట్టి, బరువుల స్లైస్‌ను మ్యాపులో విలువ వైపు ఉంచండి. ఫీల్డులన్నీ పోల్చదగినవైతే స్ట్రక్ట్ కూడా పోల్చదగినదే. వాటిలో ఒక్క ‘ఎనీ’ మిగిలినా పాత ప్రమాదం వెంటే ఉంటుంది. అన్నట్టు, ప్రాజెక్టు ఏ గో వెర్షన్‌దో చెప్పే గో.మాడ్ ఫైలులో 1.19 అని ఉంటే మీ ఇంటి కంపైలర్ కూడా పాత నియమాన్నే పాటించి ‘ఎనీ’ని తిరస్కరిస్తుంది.