పెళ్లికి నెల ముందు పీల్ వద్దు, ఈ ఎండల్లో అసలే వద్దు

వైశాఖంలో తమ్ముడి పెళ్లి, ఈలోగా మొటిమల మచ్చలకు విశాఖలో కెమికల్ పీల్, అంటే యాసిడ్ పూసి చర్మం పైపొరను ఊడదీసే చికిత్స, చేయించుకోవచ్చా అని అడిగారు. ముందు మచ్చను వేలితో తడిమి చూడండి. చదునుగా, నల్లగా ఉంటే పీల్‌కు లొంగుతుంది. గుంట తగిలితే మామూలు పీల్ మీద ఆశ పెట్టుకోకండి, వాటికి వేరే చికిత్సలున్నాయి.

నాది జిడ్డు చర్మం, మొటిమలు ఇంకా వస్తుండేవి. అందుకే డాక్టరుగారు శాలిసిలిక్ యాసిడ్ ఎంచారు. నూనెలో కరిగే గుణం ఉండటంతో అది చర్మంలోని జిడ్డు రంధ్రాల్లోకి దిగి పనిచేస్తుంది. పెదవుల మూలలకు, ముక్కు పక్కలకు వాజలీన్ రాసి, బ్రష్షుతో మందు పూశారు. ఎర్రచీమలు కుట్టినట్టు మంట. చిన్న ఫ్యాను పట్టారు. కాసేపటికి మంట తగ్గి ముఖమంతా తెల్లటి పొడి తేలింది. కాలిపోయిందేమోనని భయపడతారు, కాదు. ద్రవం ఆరగా మిగిలిన యాసిడ్ పలుకులవి. రెండు మూడు రోజులకు గడ్డం చుట్టూ పొట్టు లేస్తుంది. ఎంత చిరాకుగా ఉన్నా గోటితో లాగకండి, లాగినచోట మచ్చ పడుతుంది.

మన చామనఛాయ చర్మానికి అసలు గండం ఆ తర్వాతే. చర్మం కమిలినా, ఎండ తగిలినా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరిగి పాత మచ్చకన్నా నల్లగా తేలుతుంది. మన ఊళ్లో ఎండకు ఉక్కపోత తోడు. బీచ్‌రోడ్డులో స్కూటరు మీద పది నిమిషాలు వెళ్తే సన్‌స్క్రీన్ చెమటతో కారిపోతుంది. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే. అందుకే నాకు చలికాలంలో మొదలుపెట్టారు. పైగా ఒక్క పీల్‌తో పని కాదు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో చాలాసార్లు చేయించుకోవాలి. మీకున్న నెల చాలదు. మా బంధువుల అమ్మాయి పెళ్లికి పది రోజుల ముందు ఓ పార్లర్‌లో చేయించుకుంది, బుగ్గలు కమిలి నల్లబడ్డాయి. ఆ పిల్ల ఏడుపు చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకుని క్రీము, సన్‌స్క్రీన్ మొదలుపెట్టండి. పీల్‌కు ముందు ఎలాగూ కొన్ని వారాలు అవి వాడిస్తారు. ప్రైవేటు ఫీజు భారమనుకుంటే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. మందుల షాపులో కొన్న స్టెరాయిడ్ కలిసిన క్రీములు వాడుతున్నా, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నా, ఆస్పిరిన్ పడకపోయినా, గర్భవతి అయినా, పెదవుల మీద తరచూ నీటిపొక్కులు వస్తున్నా దాచకుండా చెప్పండి.